కండ్లు మూసుకుని చెప్పిన మంచి

మా బోర్డింగుల పిల్లలు ఇరవై నాలుగేండ్లు చల్లారిన పప్పే తిన్నరు. దానికి కారణం వంటమనిషి ముత్యాలు. పొయ్యి మీది నుంచి దించేటప్పుడు పప్పు ఉడుకుడుకుగానే ఉండేది. పిల్లలు కంచాలు ముందల పెట్టుకుని వరుసల కూసున్నంక ఆమె కొంగు నెత్తి మీద కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టేది. అది అయ్యేసరికి పప్పు మీద తొరక కట్టేది.

నా పేరు పగిడయ్య. ఏన్కూరు దాటి పోతుంటే అడవి మొదలయ్యే కాడ మా మిషను బోర్డింగు ఉన్నది. అందుల నేను 1969 నుంచి 1997 దాక గంట కొట్టిన, బావి మోటరు నడిపిన, తోట చూసిన. చదివింది మా ఊరి బడిల ఐదో తరగతి. ఇరవై ఎనిమిదేండ్లల గంట ఒక్కనాడు తప్పలే. గాలివానకు రేకులు లేసిపోయిన ఏడు గూడ గంట కొట్టినంకనే రేకులు ఏరుకొచ్చిన. ఇయ్యాల అక్కడ కాస్తున్న ముప్పై రెండు మామిడి చెట్లు నా చేతి మొక్కలు. సంఘంల పెద్దగ పద్దెనిమిదేండ్లు ఉన్న. ఇవన్ని ఎందుకు చెప్తున్ననంటే, నా గొప్పలు నేను చెప్పుకునే అలవాటు నాకున్నది. ఆ అలవాటు ఎట్ల వచ్చిందో ముత్యాలే ఒకనాడు చెప్పింది. ఆ సంగతి దాని చోట అదే వస్తది.

ముత్యాలుది కుసుమంచి దగ్గరి పల్లె. పెనిమిటి బావి తవ్వంగ మట్టి కూలి పోయిండు. 1972ల ఒక చేతిసంచి, ఒక ఇనుప గంటె పట్టుకుని మా గేటు ముందల దిగింది. అప్పటి వార్డెన్ సార్ ఆమెను కిందికి మీదికి చూసి, "నూట పది మందికి వండాలె. నీతోని అయితదా?" అని అడిగిండు.

"మా ఊర్ల పెండ్లిండ్లకు వండిన సార్. పెండ్లోళ్ళ కన్న పిల్లలు ఎక్కువ తింటరా?" అన్నది.

తింటరని వారం దినాలల్ల ఆమెకే తెలిసింది. అయినా పోలే.

ఆమెకు ఒక్క అక్షరం రాదు. వాక్యాలన్ని విని నేర్చుకున్నయే. కాని పిల్లలను చదవడంల ఆమెను మించినోళ్ళను నేను చూడలే. వంటింటి కిటికీల నుంచి మైదానం, బావి, పడసాల మూడూ కనపడుతయ్. ఉల్లిగడ్డలు కోసుకుంట అన్ని చూసేది. ఎవరు ఎవరిని కొట్టిండ్రు, ఎవరు తన కూర పక్కోని కంచంల వేసిండ్రు, ఎవరు ఇంటి మీద బెంగతోని చెట్టు చాటుకు పోయి ఏడ్చిండ్రు, అన్ని ఆమెకు ఎరికే.

మా దిక్కు ఒక పద్ధతున్నది. పిల్లలను ముఖం మీద మెచ్చుకోగూడదు. బిడ్డ మంచిగ చదువుతున్నదని తల్లి లోపల ఎంత మురిసినా, పక్కింటామె అడిగితే, "ఏం చదువు, మొద్దు ముఖంది" అంటది. నరుని కంటికి నల్లరాయైనా పగుల్తదని మా భయం. ప్రభువును నమ్ముకున్నం, మెడల తాయెత్తులు తీసేసినం, ఆ భయం మాత్రం పోలే. కోయగూడేల నుంచి, లంబాడి తండాల నుంచి, మా పల్లెల నుంచి వచ్చే పిల్లలు పదేండ్లొచ్చేదాక తమ గురించి ఒక్క మంచి మాట వినకుండనే మా దగ్గరికి వచ్చేటోళ్ళు. ఇసొంటోళ్ళల్ల నుంచే మేము విద్యార్థి ప్రార్థన గుంపుకు లీడర్లను తయారు చేయాలె. "లేచి నిలబడి రెండు మాటలు చెప్పు బిడ్డా" అంటే నేలకేసి చూసేటోళ్ళు. ఆ నేల మీద ఏమున్నదో నాకు ఎన్నడూ కనపడలే.

దీనికి ముత్యాలు ఒక దారి కనిపెట్టింది. నన్నడిగితే ఏ పెద్ద చదువులోళ్ళకూ తట్టని దారి.

"ప్రార్థనల అందరు కండ్లు మూసుకుంటరు గద అన్నా. చూసే కన్నే లేనప్పుడు దిష్టి యాడ తగుల్తది?" అన్నది నాతోని.

ఇక ఆనాటి నుంచి ప్రతి పూట అన్నం ముందల ఒకరి పేరు పెట్టి దేవునికి చెప్పేది. మంచోడు, తెలివైనోడు అనే మాటలు ఆమె నోట రావు. చేసిన పని చెప్పేది. "ప్రభువా, నిన్న జ్వరమొచ్చిన పోరనికి ముత్తాపురం పిల్లగాడు తన దుప్పటి కప్పిండు. తాను గోనెసంచి కప్పుకున్నడు. నేను చూసిన. నువ్వు గూడ చూసే ఉంటవ్. మర్చిపోకు." గంతే. కాని ఆ పిల్లగాడు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేటోడు. తెల్లారి ఇంకో దుప్పటి ఎవరికన్న కావాలెనా అని తిరిగేటోడు.

పిల్లలు తక్కువోళ్ళు కాదు. "ఇయ్యాల ఎవల పేరు పడ్తదిరా?" అని గుసగుసలు. ఒకడు పని గట్టుకుని రోజూ వంటింటి కిటికీ ముందలనే ఊడ్వవట్టె. నాలుగు దినాలు చూసి ఆమె అన్నది: "ప్రభువా, వీడు నా కిటికీ ముందల మస్తు శుభ్రంగ ఊడుస్తున్నడు. బోర్డింగుకు వెనక దిక్కు గూడ ఉన్నదని వీనికి గుర్తు చెయ్యి." కండ్లు మూసుకున్న నూట పది మంది ఒక్కసారి కిసుక్కున నవ్విండ్రు. అప్పుడు గూడ పప్పు చల్లారింది.

ఇట్ల పన్నెండేండ్లు గడిచినయ్. 1984ల ప్రార్థన గుంపుకు లీడరుగ జమ్లిని పెట్టుకున్నం. జమ్లి బూర్గుతండా పిల్ల, పదో తరగతి. గుంపుల పద్నాలుగు మంది. శనివారం సాయంత్రం పడసాలల చాప పరిచి వాళ్ళను కూసోబెట్టి వాక్యం చెప్పించేది. చిన్న గొంతు, కాని ఆ గొంతుకు పద్నాలుగు మంది చెవులు రిక్కించేటోళ్ళు. మా బోర్డింగుకు ఆడపిల్ల లీడరు కావడం అదే మొదలు.

ఆ నవంబరుల భద్రాచలంల విద్యార్థుల సభ పెట్టిండ్రు. చుట్టు పక్కల బోర్డింగులన్నింటి నుంచి లీడర్లు వచ్చి మాట్లాడాలె. మా తరపున జమ్లి. ఈ సంగతి విని ఆమె తండ్రి రూప్‌సింగ్ సైకిలు మీద వచ్చిండు. మాట తక్కువ మనిషి. గేటు కాడ నిలబడే వార్డెన్ సార్‌తోని తేల్చి చెప్పిండు.

"సారూ, పది అయినంక దీన్ని తండాకు తోలుకపోదామనుకున్న. మిరప తోటకు మనిషి కావాలె. నువ్వేమో ఇంకా చదివించమంటవ్. సరే, నేను భద్రాచలం వస్త. నలుగురిల నోరు తెరిచి మాట్లాడితే చదివిస్త. నోరు తెరవకపోతే ఈ చదువు దానికి ఎక్కలేదన్నట్టే గద. నాతోనే తోలుకపోత."

జమ్లి వేప చెట్టు కాడ నిలబడి అంత విన్నది. ఆనాటి నుంచి పిల్ల కాగితం మడిచి జేబుల పెట్టుకుని చదువుడే చదువుడు. ముత్యాలు అన్నం పెట్టుకుంట, "కాగితం తినకు బిడ్డా, ముందల అన్నం తిను" అనేది.

పోయే దినం పొద్దుగాల్ల ఇబ్రహీం సాబు తన లారీ తెచ్చిండు. ఏన్కూరుల కలప అడితి ఆయనది. బోర్డింగుకు ఏ పని పడ్డా లారీ తెచ్చేటోడు. సభల వంట మాదే, అందుకని డేగిసలు, గంటెలు, కట్టెలు, పిల్లలు, ముత్యాలు, నేను అందరం అందులనే. ఊరోళ్ళు చూడ వచ్చిండ్రు. జమ్లి నీలం లంగా ఓణి వేసుకుని, రెండు జడలు వేసుకుని లారీ ఎక్కబోతున్నది. గుంపుల ఒకామె ముక్కు మీద వేలేసుకుని, "అబ్బ, ఎంత కళగున్నది. లీడరమ్మ గద" అన్నది.

ఇంత మందిల, ప్రయాణం ముందల, గంత పెద్ద మాట. నేను వెంటనే అడ్డం పడ్డ.

"ఏం లీడరమ్మ. దాని నోట్లకెళ్ళి మాట వస్తదా? మంద వెంబడి మేకపిల్ల పోయినట్టు పోతున్నది" అన్న.

అందరు నవ్విండ్రు. దిష్టి తప్పిపోయిందని నేను లోపల సంతోషపడ్డ. పెద్దరికంగ ఒక పని చేసిననని మీసం గూడ దువ్వుకున్న.

కొత్తగూడెం దాటింది, పాల్వంచ దాటింది, జమ్లి మాట్లాడలే. పిల్లలు పాటలు పాడుతుంటే నోరు కదపలే. సారపాక దాటి లారీ గోదావరి వంతెన ఎక్కితే అందరు లేచి కేకలేసిండ్రు. బాలి అనే ఆరో తరగతి పిల్ల జమ్లి చెయ్యి పట్టుకుని, "అక్కా, నీళ్ళు చూడు" అన్నది. జమ్లి చూడలే. ఓణి కొంగు ముడిల నుంచి కాగితం తీసి, ముక్కలు ముక్కలుగ చింపి, నీళ్ళ మీదికి వదిలింది.

ముత్యాలు అది చూసింది. దిగినంక పొయ్యిలు తవ్వుకుంట పిల్లను పక్కన కూసోబెట్టుకున్నది. నేను కట్టెలు అందిస్తున్న.

"కాగితం ఎందుకు చింపినవే?"

"నాకు మాట్లాడ రాదు పెద్దమ్మా."

"ఎవరన్నరు?"

"పగిడయ్య తాత అన్నడు గద. తాత సంఘపెద్ద. అబద్ధం చెప్పడు."

కట్టె నా చేతులనే ఉండిపోయింది. పిల్ల నీళ్ళ బిందె తీసుకుని పంపు దిక్కు పోయింది. ముత్యాలు నా ముఖంల ముఖం పెట్టింది.

"దిష్టి తీసిననని మురుస్తున్నవ్. పిల్ల ప్రాణం తీసినవ్ అన్నా."

"నేనేమన్న పగతోని అన్ననా? మా అమ్మ నన్ను గట్లనే పెంచింది. చచ్చేదాక నన్ను మంచోడని ఒక్క మాట అన్లే. నేను పెరగలేదా?"

"పెరిగినవ్. అందుకనే గంట గురించి, మామిడి చెట్ల గురించి కనపడ్డోనికల్ల చెప్పుకుంట తిరుగుతవ్. చిన్నప్పుడు ఎవరన్న ఒక్కసారి చెప్పి ఉంటే నీకు ఈ పని తప్పేది."

ఇట్లాంటి మాట ఇంకెవరన్న అంటే నేను ఊకోకపోదును. ఆమె తిట్టుకుంట అన్లే. పొయ్యిల పుల్లలు సర్దుకుంట అన్నది. నేను డేగిస అడుగుకు మట్టి పూయవట్టిన.

"పోయి పిల్లకు చెప్పనా మరి? అది ఉత్తదేనని?" అని అడిగిన.

"ఇప్పుడు చెప్తే ఓదార్పుకు అన్నడనుకుంటది. చూద్దాం" అన్నది.

మధ్యాహ్నం సభ. గోదావరి ఒడ్డుకు పెద్ద పందిరి, నాలుగు వందల మంది పిల్లలు. మైకు పెట్టిండ్రు. పందిరి గుంజకు ఆనుకుని ఎర్ర తలపాగతోని రూప్‌సింగ్ నిలబడ్డడు. మేము పందిరి పక్కనే అన్నం వారుస్తున్నం. మూడు బోర్డింగుల లీడర్లు మాట్లాడిండ్రు. ఇద్దరు మగపిల్లలు గొంతు చించుకున్నరు. తర్వాత మా పేరు పిలిచిండ్రు.

జమ్లి పోయి మైకు ముందల నిలబడ్డది. నిలబడే ఉన్నది. నేలకేసి చూస్తున్నది. మైకు కీచుమన్నది. వెనక ఎవరో నవ్విండ్రు. సభ నడిపించే సారు, "చెప్పమ్మా" అన్నడు. ఇంకోసారి అన్నడు. రూప్‌సింగ్ గుంజను వదిలిపెట్టి ఒక అడుగు ముందలికి వేసిండు. బిడ్డను తోలుకపోవడానికేనని నాకు అర్థమయింది. ఈ పిల్ల బతుకు నా ఒక్క మాట మీద ఆగిపోయింది. ఆ క్షణంల నాకు ముప్పై రెండు మామిడి చెట్లూ గుర్తు రాలే.

ముత్యాలు గంజి చేతులు కొంగుకు తుడుచుకుని పందిరిల జొరబడ్డది. నేరుగ సభ నడిపించే సారు దగ్గరికి పోయింది.

"అయ్యా, నేను వంటమనిషిని. మా పిల్ల మాట్లాడే ముందల ఒక ప్రార్థన చేసుకోవచ్చునా?"

ప్రార్థనను కాదనే మొగోడు ఆ సభల ఎవరున్నరు? నాలుగు వందల తలలు వంగినయ్. నాలుగు వందల జతల కండ్లు మూసుకున్నయ్.

"ప్రభువా, ఈ పిల్ల పేరు జమ్లి. నీకెరికే. పోయిన ఎండాకాలం బాలి వాళ్ళమ్మ చచ్చిపోయింది. బాలి మూడు దినాలు అన్నం ముట్టలే. నేను బతిమాలిన, వార్డెన్ సార్ బతిమాలిండు, తినలే. ఈ పిల్ల పక్కన కూసుండి మాటలు చెప్పుకుంట, చెప్పుకుంట, ఒక్కొక్క ముద్ద తినిపించింది. ఆ మాటలు దీని నోట్లకెళ్ళే వచ్చినయ్. నేను కిటికీల నుంచి విన్న. బడి మానేసి పోతున్న ముగ్గురిని గేటు కాడ ఆపింది. కొట్టి ఆపలే, చెప్పి ఆపింది. ఆ ముగ్గురు ఈ పందిరిలనే ఉన్నరు. ఇయ్యాల పొద్దుగాల మా అన్న పగిడయ్య దిష్టికి భయపడి దీనికి మాట రాదన్నడు. అది నిజం కాదు. ఆయనకు గూడ తెలుసు, నిజం కాదని. ఆ మాట తీసెయ్ తండ్రీ. నువ్వు ఇచ్చిన గొంతు దీనికున్నది. ఆమెన్."

అందరికన్న ముందల గట్టిగ "ఆమెన్" అన్నది నేను. ఇరవై ఎనిమిదేండ్లు కొట్టిన గంట గూడ అంత గట్టిగ మోగలేదనుకుంట. లారీ నీడన కూసున్న ఇబ్రహీం సాబు "ఆమీన్" అన్నడు. గుంజ కాడ రూప్‌సింగ్ అటు ఇటు చూసి, ఆఖరికి మెల్లగ తాను గూడ అన్నడు.

అందరు కండ్లు తెరిచిండ్రు. జమ్లి మొదటి నుంచీ తెరిచే ఉంచిందంట, ముత్యాలునే చూస్తున్నది. అప్పుడు మైకు దగ్గరికి జరిగింది.

"నా పేరు జమ్లి. మాది బూర్గుతండా," అన్నది. "నేను రాసుకున్న కాగితం గోదావరిల పడ్డది. అందుకని చూసింది చెప్త. మా పెద్దమ్మ రోజూ కండ్లు మూసుకుని మా మంచి దేవునికి చెప్తది. మేము దొంగతనంగ విని బతికినం. నేను ఇయ్యాల కండ్లు తెరిచి చెప్త. దిష్టి తగిలితే నాకే తగలనీ."

తన గుంపుల పద్నాలుగు మందిని ఒక్కొక్కరినే పేరు పెట్టి లేపింది. "వీడు నీళ్ళ తొట్టి రోజూ ఎవరూ చెప్పకుండ కడుగుతడు. ఈమెకు లెక్కలు రావు, కాని పాట ఎత్తుకుంటే చిన్నపిల్లలు ఏడుపు మానుతరు." లేచిన ప్రతి పిల్ల ముఖం చూడాలె. పందిరిల ఎవరూ నవ్వలే. ఆఖరికి గుంజ దిక్కు తిరిగింది.

"మా బాపు వాన దినాలల్ల నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించి బడిల దించేటోడు. ఆయన బట్టలు తడిసేవి, నా పలక తడవలే. మా బాపుకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్తున్న."

రూప్‌సింగ్ తలపాగ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నడు. నేను పోయి పక్కన నిలబడ్డ.

"ఏంది రూప్‌సింగ్, తోలుకపోతవా?" అన్న.

"మిరప తోటకు నేను, మా ఆమె చాలం పెద్దాయనా. దాన్ని చదవనీ. యాడిదాక ఉంటే ఆడిదాక చదవనీ" అన్నడు.

తర్వాత నేను చేసింది గూడ చెప్పాలె. తిరిగొచ్చినంక లారీ ఆగంగనే ఊరోళ్ళు మళ్ళ మూగిండ్రు. నేను ముందల దిగి, జమ్లి దిగేదాక ఉండి, అందరు వింటుండంగ, కండ్లు తెరిచే అన్న: "ఈ పిల్ల మా లీడరు. భద్రాచలంల నాలుగు వందల మంది ముందల మాట్లాడింది. పొద్దుగాల నేనన్నది అబద్ధం." చెమటలు పట్టినయ్. పిల్లకు మాత్రం ఏ దిష్టీ తగలలే. ఆ వారం దానికి దగ్గు గూడ రాలే. నేను కనిపెట్టి చూసిన.

ఆ మార్చిల జమ్లి మా బోర్డింగుల మొదటి నంబరు తెచ్చుకున్నది. ఖమ్మంల ఇంటర్ చదివి, అక్కడ గూడ కాలేజి పిల్లల ప్రార్థన గుంపు నడిపింది. టీచర్ ట్రైనింగు చేసి 1990ల చర్ల దిక్కు గిరిజన ఆశ్రమ పాఠశాలల టీచరైంది. బాలి నర్సయింది. గేటు కాడ ఆగిన ముగ్గురిల ఒకడు పాస్టరు, ఒకడు ఫారెస్టు గార్డు, ఒకామె అంగన్‌వాడి. ముత్యాలు వండిన ఇరవై నాలుగేండ్లల మా ప్రార్థన గుంపుకు పంతొమ్మిది మంది లీడర్లయిండ్రు. వేలు ముద్ర వేసే మనిషి చేతుల పంతొమ్మిది మంది. ఏ పెద్ద బోర్డింగన్న ఈ లెక్క చూపిస్తే నేను నా మీసం తీసేస్త.

1996 మే నెలల ముత్యాలు పని మానుకుని కుసుమంచి పోయే దినం వచ్చింది. ఆ పంతొమ్మిది మందిల పదిహేడు మంది వచ్చిండ్రు. అన్నం ముందల నేను గంట కొట్టిన. జమ్లి టీచరు లేచి నిలబడి, "ఇయ్యాల ఎవరూ కండ్లు మూయొద్దు" అన్నది. ఇక ఒక్కొక్కరు లేచి ముత్యాలు చేసింది చెప్పుడు మొదలుపెట్టిండ్రు. ఎవరికి మాడిన అన్నం అడుగు తాను తిని పై అన్నం పెట్టింది, ఎవరికి పరీక్ష దినం గంజి తాగించి సాగనంపింది, ఎవరి పేరు ఏ పూట దేవునికి చెప్పింది. ఆఖరున నేను లేచిన. నా గొప్ప ఒక్కటి గూడ చెప్పుకోకుండ, ఆమె గొప్పే చెప్పి కూసున్న. నా జీవితంల అదొక్కటే నేను చేసిన చిన్న ప్రసంగం.

ముత్యాలు దిక్కు చూసిన. అందరు కండ్లు తెరిచే ఉన్నరు. ఆమె ఒక్కతే నెత్తి మీద కొంగు కప్పుకుని, కండ్లు గట్టిగ మూసుకుని కూసున్నది.

"కండ్లు తెరువు చెల్లె, నీ గురించే చెప్తున్నరు" అన్న.

"ఇననీ అన్నా," అన్నది. "ఇట్లయితే మంచిగ ఇనపడ్తది."

ఆ పూట గూడ పప్పు చల్లారింది. అందరం కడుపు నిండ తిన్నం.